ఒకటో తారీకు వెచ్చాలు, ఇరవై ఎనిమిదో తారీకు అరువు

నెల జీతం మీద బ్రతికే ఇళ్ళలో ఒకటో తారీకుకు ఒక కళ ఉంటుంది. బియ్యం మూట వస్తుంది. పప్పుల డబ్బాలు నిండుతాయి. కాఫీ చిక్కగా ఉంటుంది. ఇరవై ఎనిమిదో తారీకు నాటికి ఆ కళ తగ్గిపోయి, పిల్లవాణ్ణి వీధి చివర మళిగ కొట్టుకు పంపి, "ఖాతాలో వ్రాసుకోమన్నారు" అని చెప్పించవలసి వస్తుంది. ఇది ఏ ఒక్కరి ఇంటి కథో కాదు. చెన్నపట్నంలో తరతరాలుగా కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలలోను, ఆ మాటకు వస్తే మన పక్కింటి తమిళ కుటుంబాలలోను మామూలుగా జరిగే వ్యవహారమే. మాబోటి గుమాస్తాలకు ఆఫీసులో పద్దులు సరిచూడటమే వృత్తి. అదే కంటితో వంటింటి పద్దును కూడా ఒకసారి చూద్దామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అరువు తెస్తే వచ్చిన నష్టమేమిటి, వచ్చే నెల ఇచ్చేస్తాము గదా, అని కొందరంటారు. నష్టం వడ్డీలో లేదు. రొక్కం ఇచ్చేవాడు ధర అడుగుతాడు, తూకం చూస్తాడు, నచ్చకపోతే పక్క కొట్టుకు పోతాడు. ఖాతా ఉన్నవాడికి ఈ మూడు హక్కులూ ఉండవు. పుచ్చు కంది పప్పు ఇచ్చినా నోరు మెదపలేడు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ అనే ఊళ్ళో నేత పనివారు, ఇతర పనివారు కలిసి సహకార దుకాణం పెట్టుకున్నప్పుడు రొక్కానికే అమ్మాలి, తూకం సరిగా ఉండాలి అని నియమం పెట్టుకున్నారు. ఆ సహకార మార్గంలోనే మన ఊళ్ళో, తిరువల్లిక్కేణిలో, 1904లో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ వెలిసింది. నెల వెచ్చాల బాధ నేటిది కాదని తెలియడానికి ఈ సంగతి చాలు.

ఇక డబ్బు ఎక్కడికి పోతున్నదో చూద్దాము. ప్రభుత్వం వారు 2023-24లో జరిపిన కుటుంబ వ్యయ సర్వే ప్రకారం, పట్టణాలలో పెట్టే ప్రతి 100 రూపాయల ఖర్చులోను దాదాపు 40 రూపాయలు తిండికే పోతున్నవి. పల్లెలలో 47 రూపాయలు. పట్టణాలలో ఈ 40లో బియ్యం, గోధుమలవంటి ధాన్యాలకు అయ్యేది 5 రూపాయలకు లోపే. పానీయాలు, ఫలహారాలు, తయారైన తినుబండారాలకు మాత్రం సుమారు 11 రూపాయలు! బియ్యం ధర పెరిగిందని అందరమూ గోల పెడతాము గాని, బియ్యానికి రెట్టింపు పైగా తినుబండారాల పొట్లాలు తీసుకుపోతున్నవని ఎవరమూ గమనించము.

రెండవ కారణం మన లెక్కలోనే ఉన్నది. నెల అంటే నాలుగు వారాలు అని చాలామంది ఇల్లాళ్ళ లెక్క. నాలుగు వారాలంటే 28 రోజులు. పన్నెండు నెలలకు 336 రోజులయినవి. సంవత్సరానికి రోజులు 365. అంటే 29 రోజులు లెక్కలోకి రానే లేదు! నెలకు 12,000 రూపాయలు, అనగా రోజుకు 400 రూపాయల వెచ్చం గల ఇంటికి ఈ 29 రోజులకు 11,600 రూపాయలు కావాలి. దరిదాపుగా ఒక నెల వెచ్చం. ఇరవై ఎనిమిదో తారీకునే డబ్బు అయిపోవడంలో వింత లేదు. అది దుబారా కాదు, లెక్కలో దొర్లిన లోటు. ఇల్లాలిని నిందించబోయే మగవారు ముందు ఈ లెక్క వేసి చూడాలి.

ఎంత కావాలి అన్నది తేలకుండా ఎంత ఖర్చు పెట్టాలో తేలదు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో మన నీలగిరి కొండలలోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలిపోయింది. ఆ సంస్థవారు 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2,000 క్యాలరీలు చాలిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, కూరగాయలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలి. మాంసము, గుడ్లు తినేవారికి అవి పప్పుల లెక్కలోనే చేరుతాయి. ఇవిగాక వేరుశనగ, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు. దీనిని నలుగురికి, ముప్పై రోజులకు పెంచి చూస్తే నెలకు బియ్యం, గోధుమలు కలిపి 30 కిలోలు, పప్పులు సుమారు 10 కిలోలు, పాలు రోజుకు లీటరుంబావుకు కొంచెం తక్కువ. నూనె మూడున్నర లీటర్లు చాలు. మన ఇళ్ళలో పప్పు ఇంతకు తక్కువగా, నూనె ఇంతకు ఎక్కువగా వాడుతున్నామేమో ఎవరి డబ్బా వారే చూసుకోవాలి.

పై చెప్పిన 12,000 రూపాయలను మా లెక్కన ఇట్లా పంచవచ్చును. పాలకు 2,000. ధాన్యానికి 1,800. పప్పులకు, గింజలకు 1,500. నూనెకు 600. కూరగాయలు, పళ్ళకు రోజుకు 120 చొప్పున 3,600. చింతపండు, మిరపకాయలు, పోపు సామాను, బెల్లం, కాఫీ పొడి వగైరాలకు 1,200. ఏడాది సరుకుకు 500. పండుగలకు 500. చేతి నిల్వ 300. సబ్బులు, గ్యాసు వేరు. అంకెలు ఎవరి ఇంటికి తగ్గట్టు వారు మార్చుకోవచ్చును గాని, చివరి మూడు పద్దులను మాత్రం ఎత్తివేయకూడదు. చింతపండు, ఎండు మిరపకాయలు కొత్త పంట వచ్చే మాఘ ఫాల్గుణాలలో ఏడాదికి సరిపడా కొనటం మన పెద్దల అలవాటు. ఆ అలవాటు పోవడానికి కారణం ఆ నెలలో అంత డబ్బు ఒక్కసారిగా లేకపోవడమే. నెలకు 500 తీసి ఉంచితే ఏడాదికి 6,000 చేతిలో ఉంటుంది. పండుగలకూ ఇదే దారి. మన ఇళ్ళలో ఉగాది మనదే, పొంగలీ మనదే, నవరాత్రి కొలువు ఉభయులదీ. పండుగ హఠాత్తుగా రాదు, పంచాంగంలో తారీకు వేసుకొనే వస్తుంది.

కూరగాయల డబ్బును మేము అయిదు కవర్లలో పెడతాము. ఒకటి నుంచి ఏడు వరకు ఒకటి, ఎనిమిది నుంచి పధ్నాలుగు వరకు ఒకటి, ఇట్లా నాలుగు కవర్లలో 840 చొప్పున. మిగిలిన రెండు మూడు రోజులది అయిదో కవరు. అందులో 240, ముప్పై ఒకటి వచ్చే నెల అయితే 360. జీతం రాగానే ముందు నింపేది ఈ అయిదో కవరునే. ఫోను చూపించి డబ్బు చెల్లించే ఈ రోజులలో కవర్లేమిటని నవ్వవచ్చును. ఫోనులో ఎంత పోయినదీ తెలుస్తుంది గాని, ఇంకా ఎన్నాళ్ళకు ఎంత మిగిలినదీ కంటికి ఆనదు. పది నిమిషాలలో సరుకు గుమ్మంలోకి వచ్చే సదుపాయం ఉన్నచోట ఈ కట్టడి మరింత అవసరం. కొత్తిమీర కట్టకోసం తెరిచిన ఫోను కొత్తిమీరతో ఆగదు.

ధరలు ఎగిరినప్పుడు ఏమి చేయాలి? 2023 జూలైలో టమోటాలు కిలో నూరు రూపాయలు దాటినప్పుడు చెన్నపట్నంలో రేషను దుకాణాలలో 60 రూపాయలకు అమ్మించవలసి వచ్చింది. అటువంటప్పుడు చింతపండు పులుసు, మజ్జిగ పులుసు, నిమ్మకాయ పప్పు మనకు ఎల్లప్పుడూ ఉన్నవే. వారానికి 840 అనేది మారకుండా, కూర మార్చుకోవాలి. రేషను కార్డు మాట కూడా చెప్పాలి. తమిళనాడులో బియ్యం కార్డు గలవారికి 2011 జూన్ నుంచి బియ్యం ఉచితం. కంది పప్పు కిలో 30 రూపాయలకు, పామాయిలు లీటరు 25 రూపాయలకు ఇస్తున్నారు. కొందరు వరుసలో నిలబడటం నామోషీ అనుకుంటారు. ఆ బియ్యం ఇడ్లీ పిండికి పనికివస్తాయి. వరుసలో నిలబడటం కన్న ఖాతా కొట్టు ముందు నిలబడటం ఏ విధంగా గౌరవమో మాకు బోధపడదు.

పొట్లాల విషయంలో మరొక హెచ్చరిక. లీటరు నూనె తూకానికి సుమారు 910 గ్రాములు. అదే ఆకారంలో అంతకు తక్కువ నూనె పట్టే పొట్లాలు కూడా అమ్ముతున్నారు. గ్రాముకు లేక కిలోకు ఎంత పడుతున్నదో పొట్లం మీద అచ్చు వేయాలని ఇప్పుడు చట్టం ఉన్నది. అక్షరాలు చిన్నవే గాని అవి మన మేలుకే ఉన్నవి. పెద్ద పొట్లమే చవక అనే నమ్మకం ప్రతిసారీ నిజం కాదు.

ఇక అసలు సంగతి. డబ్బు చాలనప్పుడు కత్తెర ఎవరి కంచం మీద పడుతున్నది? ఆఫీసులో ఒక పద్దునుంచి మరొక పద్దుకు డబ్బు మార్చాలంటే పైఅధికారి సంతకం కావాలి. వంటింట్లో సంతకం లేకుండానే మారిపోతుంది. ఇల్లాలు తన కాఫీలో పాలు తగ్గించుకుంటుంది, అందరికీ వడ్డించాక మిగిలిన చారుతో సరిపెట్టుకుంటుంది. లెక్క పుస్తకంలో లోటు కనపడదు. లోటు ఆమె ఒంటిలో చేరుతుంది. కనుక తగ్గించే వరుసను ముందుగానే ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోవాలి. మొదట తినుబండారాల పొట్లాలు, హోటలు టిఫిను. తరువాత కాఫీ, చక్కెర, నూనె. పాలు, పప్పు, ఆకుకూరల మీద చివరిదాకా చెయ్యి పెట్టకూడదు. చేతి నిల్వ 300 ఉన్నది ఇందుకే.

పోపుల డబ్బాలో ఇల్లాలు దాచిన నోట్లు ఎన్నో ఇళ్ళను ఒడ్డున పడవేసినవి. కాని ఆ నోట్లు ఆమె కడుపు కట్టుకొని దాచినవి కాకూడదు. నెలకు ఒకసారి, జీతం వచ్చిన సాయంత్రం, భార్యాభర్తలు ఒక అరగంట కూర్చుని లెక్క చూసుకుంటే చాలును. పిల్లలు కూడా పక్కన కూర్చుంటే మరీ మంచిది. లెక్క నేర్చుకోవడానికి అంతకన్న మంచి బడి లేదు. వచ్చే ఒకటో తారీకున అయిదో కవరుతో ప్రారంభించి చూడవలసినదిగా సోదరీ సోదరులకు మా మనవి.