ఇంట గెలిచిన పాట రచ్చ గెలవాలంటే...

సరళీ స్వరాల నుంచి కీర్తనల దాకా ఇంట్లోనే నేర్పే గృహిణులు మన ఊళ్లలో ఎందరో! ఒకప్పుడు చాప, శ్రుతిపెట్టె ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఫోనులోనే పాఠాలు. అంతటితో ఆగక "మనమే ఒక యాప్ పెడితే?" అని ముందుకొస్తున్నవారూ ఉన్నారు. మంచిదే. కానీ దాచుకున్న డబ్బు తీసి పెట్టేముందు ఆ ఆలోచనను నలుగురి ముందూ పెట్టి చూడాలి. అందుకు పనికొచ్చేవే 'మీటప్'లు.

హైదరాబాద్‌లో 2015లో టీ-హబ్, 2018 మార్చి 8న మహిళల కోసమే వీ-హబ్ మొదలయ్యాయి. కొత్తగా వ్యాపారం పెట్టేవారికి సలహాలు, పరిచయాలు కల్పించే సంస్థలివి. మీటప్‌ల పద్ధతి సాధారణంగా ఇలా ఉంటుంది. కొద్ది నిమిషాల్లో మనం తయారుచేసింది చూపించాలి. తర్వాత అనుభవజ్ఞులు ప్రశ్నలు వేస్తారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! ఇంట్లోవాళ్లు "బ్రహ్మాండం" అన్నదాన్ని పరాయివాళ్లు మొహమాటం లేకుండా తూచి చెబుతారు. అదే మనకు లాభం.

ఒక సంగీతం టీచరు తన యాప్‌ను అలాంటిచోట చూపించారనుకుందాం. ఎలాంటి ప్రశ్నలు వస్తాయో చూడండి.

శ్రుతి వినబడుతోందా?

మొదట ఇంజనీరు అడుగుతాడు: "మేడమ్, మీరూ పిల్లలూ కలిసి పాడగలరా?" కుదరదు. ఇంటర్నెట్‌లో గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది, తాళం తప్పుతుంది. కాబట్టి టీచరు పాడి ఆపాక పిల్లలు పాడేలా పాఠం అల్లుకోవాలి. ఇంకో తిరకాసు ఉంది. వీడియో కాల్స్‌లో ఫ్యాను రొదను తీసేసే ఏర్పాటు తంబురా నాదాన్ని కూడా రొద అనుకుని అణిచేస్తుంది! ఆ ఏర్పాటును ఆపేయాలి. లేదా పిల్లల దగ్గరే శ్రుతి మోగేలా చూడాలి.

పాఠం ఎన్ని గంటలకు?

"అమెరికా పిల్లలకు చెబుతాను" అంటే తర్వాతి ప్రశ్న వేళ గురించే. మనకు ఉదయం ఆరున్నర అయితే డాలస్‌లో వేసవికాలం ముందురోజు రాత్రి 8 గంటలు, చలికాలం 7 గంటలు. వాళ్లకు అనువైన వేళే! కానీ మన ఇంట్లో అది పాలు పొంగే వేళ, క్యారియర్లు సర్దే వేళ. ఆ గంట పని ఎవరు అందుకుంటారో ఇంట్లో ముందే తేల్చుకోవాలి. ఈ లెక్క తప్పితే యాప్ ఎంత బాగున్నా నడవదు.

పాట ఎవరిది?

అందరినీ తికమక పెట్టేది లాయరు ప్రశ్న. "అన్నమయ్య కీర్తనలు రికార్డు చేసి అమ్ముతున్నారు. అనుమతి ఉందా?"

"అయిదు వందల ఏళ్ల నాటి పాటకు అనుమతేమిటండీ?" అనిపిస్తుంది. సాహిత్యానికి అక్కర్లేదు, నిజమే. కానీ తిరుమలలో 1922లో వెలుగుచూసిన రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. మనం నేడు పాడుకునే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ తర్వాతా కట్టినవే. మన కాపీరైటు చట్టంలో సాహిత్యం వేరు, సంగీతం వేరు. స్వరకర్త కాలం చేశాక సాధారణంగా 60 ఏళ్ల దాకా ఆ వరుసకు హక్కు ఉంటుంది. ఆ హక్కు కుటుంబానిదా, చేయించిన సంస్థదా అన్నది విడిగా కనుక్కోవాలి.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన కీర్తనలకు ఈ చిక్కు లేదు. అలాగని ఇంకొకరు పాడిన క్యాసెట్టునో, సీడీనో ఎక్కించకూడదు. రికార్డింగుకు హక్కు వేరే!

తరగతిలో గురువు శిష్యులకు నేర్పడానికి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. రికార్డు చేసి అమ్మితే అది వ్యాపారం. కంగారు పడనక్కర్లేదు. మీరు స్వయంగా కట్టిన వరుసకూ ఇదే చట్టం కాపు.

వెళ్లేముందు...

★ యాప్ పూర్తి కాకముందే వెళ్లండి. కొంగు ముడి విప్పకముందే తప్పు తెలిస్తే మేలు.

★ నేర్పబోయే పాటలన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ప్రతిదానికీ ఎదురుగా సాహిత్యం ఎవరిది, వరుస ఎవరిది, గొంతు ఎవరిది అని మూడు గళ్లు పెట్టండి.

★ విమర్శకు అక్కడికక్కడే జవాబు చెప్పాలని చూడకండి. రాసుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకే మాట అంటే ముందు అది సరిచేయండి.

★ గదిలో ఎవరైనా ఓ నెల రుసుము కట్టి చేరతారేమో అడగండి. చప్పట్లు ఎవరైనా కొడతారు. రుసుము కట్టిన ఒక్కరు పది మెప్పులతో సమానం.