బాగున్న చక్రాన్ని ఎందుకు పారేస్తారు?

నూతిలో నీళ్ళు తోడే చేదతాడును మీలో కొందరైనా చూసే ఉంటారు. రోజూ గిలక మీద రాసుకుని రాసుకుని దాని పీచు లేస్తుంది. ముందు ఒక పోగు తెగుతుంది, తర్వాత ఇంకొకటి. అమ్మమ్మ దాన్ని పట్టి చూసి, "ఈ తాడు ఇంకో నాలుగు రోజులు వస్తుందిలే" అంటుంది. ఆ నాలుగు రోజులూ వాడతారు కూడా. తెగితే ఏమవుతుంది? చేద నూతిలో పడుతుంది. గాలం వేసి పైకి తీసుకుంటారు. అంతే కదా!

ఇప్పుడు విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే ఒక షెడ్డుకు వెళదాం రండి. అక్కడ ఒక ఇంజనీరు ఇంజను లోంచి పెద్ద లోహపు చక్రాన్ని బయటికి తీయించాడు. అది తళతళా మెరుస్తోంది. దాని మీద గీత లేదు, పగులు లేదు, తుప్పు అసలే లేదు. ఆయన ఒక పుస్తకం తెరిచి అందులోని అంకె చూశాడు. "దీని పని అయిపోయింది. ముక్కలు కోయించండి" అన్నాడు.

అదేమిటి! పీచులేచిన తాడును అమ్మమ్మ ఇంకా వాడుతోంది. ఈయనేమో లక్షల రూపాయల విలువ చేసే నిగనిగలాడే చక్రాన్ని తుక్కులో వేయిస్తున్నాడు. ఈయనకేమైనా మతి పోయిందా?

పోలేదు. ఎందుకు పోలేదో తెలియాలంటే మనం ఒక చిన్న ప్రయోగం చేయాలి.

తీగ చెప్పే పాఠం

ఇల్లు కట్టేచోట ఇనుప కడ్డీలను కట్టడానికి వాడే బైండింగు తీగ జానెడు ముక్కలు పది తెచ్చుకోండి. ఒక ముక్కను మధ్యలో వంచండి, మళ్ళీ తిన్నగా చేయండి. ఇది ఒకటి. మళ్ళీ వంచండి, మళ్ళీ తిన్నగా చేయండి. ఇది రెండు. ఇలా విరిగే దాకా లెక్కపెట్టండి. విరిగిన కొన చురుక్కుమంటుంది, జాగ్రత్త! వేలు పెట్టి చూస్తే అది వేడెక్కి కూడా ఉంటుంది.

ఒక్కసారి వంచితే విరగని తీగ పదిసార్లు వంచితే ఎందుకు విరిగింది? మీరు పదోసారి ఎక్కువ బలం పెట్టలేదే! వంచిన ప్రతిసారీ లోహం లోపల కంటికి కనిపించని మార్పు జరుగుతూ వచ్చింది. ఎక్కడో ఒకచోట వెంట్రుకలో వందో వంతు పగులు పుట్టింది. వంచిన కొద్దీ అది కాస్త కాస్త లోపలికి పాకింది. చివరికి మిగిలిన సన్నని భాగం బరువు మోయలేక ఠప్పున విరిగింది. దీన్నే లోహపు అలసట అంటారు. మనుషుల అలసట రాత్రి నిద్రపోతే తీరుతుంది. లోహపు అలసట మాత్రం ఎంత విశ్రాంతి ఇచ్చినా తీరదు. అది లెక్కలో జమ అవుతూనే ఉంటుంది.

19వ శతాబ్దంలో ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీరు ఈ లెక్కనే పద్ధతిగా కట్టాడు. రైలు చక్రాల ఇరుసులు మామూలు బరువుల కిందే ఉన్నట్టుండి విరిగిపోతుండేవి. ఆయన ఇరుసులను యంత్రాలకు బిగించి, ఎంత బరువుతో ఎన్నిసార్లు వంచితే విరుగుతాయో ఏళ్ళ తరబడి లెక్కపెట్టాడు.

సరే, మీ పది తీగల లెక్క చూడండి. అన్నీ ఒకే చుట్టలోంచి కోసినవే. అయినా ఒకటి 11 సార్లకు విరిగి ఉంటుంది, ఒకటి 17కు, ఇంకొకటి 14కు. అన్నీ ఒకే అంకె దగ్గర విరగవు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఇప్పుడు అదే చుట్టలోంచి కొత్త ముక్క ఒకటి ఇచ్చి, "దీని మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంది. దీన్ని ఎన్నిసార్లు వంచనిస్తావు?" అని అడిగితే మీరేం చెబుతారు? సగటు చూసి 14 అంటారా? అనలేరు. 11 అంటారా? అదీ ధైర్యం చాలదు. పదకొండో ముక్క 9కే విరగవచ్చు కదా! బాగా ఆలోచించి, "నాలుగుసార్లు వంచాక తీసేయండి" అంటారు.

నాలుగుసార్లు వంచిన తీగను చూడండి. కొత్తదానిలాగే ఉంటుంది. అందులో చాలా ముక్కలు ఇంకా పదిసార్లు వంగగలవు. కానీ ఏ ముక్క ముందుగా విరుగుతుందో బయటి నుంచి చెప్పలేం. అందుకని అన్నింటినీ తీసేస్తాం. షెడ్డులో ఇంజనీరు చేసిన పని ఇదే!

ఒక గ్రాము, 21 కిలోలు

ఇంజనులో చక్రానికి అంత కష్టం ఏమొచ్చింది? ప్రపంచంలో చాలా బోయింగ్ 737 విమానాలకు ఉన్న సీఎఫ్ఎం56-7బి ఇంజను తీసుకుందాం. దాని ముందు భాగంలో పెద్ద ఫ్యాను కనిపిస్తుంది. దాని వ్యాసం 155 సెంటీమీటర్లు. అందులో 24 టైటానియం బ్లేడ్లు. అది నిమిషానికి 5,000 సార్లు తిరుగుతోంది అనుకుందాం.

పెన్సిలు తీయండి. చుట్టుకొలత 3.14 × 1.55, అంటే 4.87 మీటర్లు. నిమిషానికి 5,000 చుట్లంటే సెకనుకు 83. రెండింటినీ గుణిస్తే బ్లేడు కొన వేగం సెకనుకు 400 మీటర్ల పైచిలుకు! గాలిలో ధ్వని వేగం సుమారు 340 మీటర్లే. బ్లేడు కొన శబ్దాన్ని కూడా దాటిపోతోందన్నమాట.

రాయికి తాడు కట్టి గిరగిరా తిప్పితే అది మీ చేతిని బయటికి గుంజినట్టు ఉంటుంది కదా! ఇక్కడా అంతే. ఈ వేగంలో బ్లేడు కొసనున్న ఒక్క గ్రాము లోహాన్ని పట్టి ఉంచాలంటే 21 కిలోల బరువును మోసినంత బలం కావాలి. ఇలాంటి 24 బ్లేడ్లనూ మధ్యలో పట్టి ఉంచేది చక్రం, అంటే డిస్కు. ఇంజను లోపల దహనం జరిగే చోటికి వెనక టర్బైను ఉంటుంది. అక్కడి చక్రాలు ఇంకా వేగంగా తిరుగుతాయి, దానికి తోడు భగభగమండే వేడి.

విమానం పైకి లేచేటప్పుడు ఇంజను పూర్తి వేగం అందుకుంటుంది, డిస్కు సాగుతుంది. దిగి ఆగిపోయాక మళ్ళీ యథాస్థితికి వస్తుంది. మీరు తీగను ఒకసారి వంచి తిన్నగా చేయడం లాంటిదే ఇది. దీన్ని ఇంజనీర్లు ఒక సైకిల్ అంటారు. తొక్కే సైకిలు కాదు సుమా! హైదరాబాదు నుంచి విజయవాడకు గంట లోపు ఎగిరినా ఒక సైకిలే, లండనుకు ఎన్నో గంటలు ఎగిరినా ఒక సైకిలే. అందుకే డిస్కు వయసును ఏళ్ళతో కాక సైకిళ్ళతో లెక్కిస్తారు.

బ్లేడు విరిగితే దాన్ని ఆపడానికి ఇంజను చుట్టూ గట్టి తొడుగు ఉంటుంది. కావాలని బ్లేడును విరగ్గొట్టి ఆ తొడుగును పరీక్షిస్తారు కూడా. కానీ డిస్కు పగిలితే దాని ముక్కలను ఆపగల తొడుగు పెట్టాలంటే ఆ బరువుతో విమానం ఎగరలేదు. అందువల్ల డిస్కు అసలు పగలకూడదు. దాని లెక్క నిండిన రోజున తీసేయడం తప్పనిసరి. "ఇంకో నాలుగు రోజులు" అనే మాటే లేదు.

లెక్క నిండక ముందే

మరి లెక్క ఒక్కటే చాలా? చాలదని చాలా ప్రాణాలు పోయాక తెలిసింది.

1989 జూలై 19న అమెరికాలో డెన్వర్ నుంచి షికాగోకు ఒక డీసీ-10 విమానం బయలుదేరింది. అందులో 296 మంది ఉన్నారు. దారిలో తోక దగ్గరున్న ఇంజనులో ఫ్యాను డిస్కు పగిలింది. ఆ ముక్కలు దూసుకుపోయి, విమానాన్ని అటూ ఇటూ తిప్పే హైడ్రాలిక్ గొట్టాలను తెంచేశాయి. మూడు ఏర్పాట్లు ఉంటే మూడింటిలోనూ నూనె కారిపోయింది. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన తోటివారు మిగిలిన రెండు ఇంజన్ల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ, దాంతోనే విమానాన్ని తిప్పుతూ సూ సిటీ దాకా తెచ్చారు. అది నేలను తాకి ముక్కలైంది. అయినా 184 మంది బతికారు. 112 మంది చనిపోయారు.

డిస్కు ముక్కలు ఎక్కడో పడ్డాయి. మూడు నెలల తర్వాత మొక్కజొన్న పంట కోస్తుంటే పొలంలో దొరికాయి. ఆ డిస్కుకు ఇచ్చిన ఆయుర్దాయం 18,000 సైకిళ్ళు. పగిలే నాటికి అయినవి 15,503. లెక్క ఇంకా నిండలేదు!

మరెందుకు పగిలింది? దాని పుట్టుకలోనే లోపం ఉంది. టైటానియంను కరిగించేటప్పుడు అందులో నత్రజని ఎక్కువగా చేరిన ఒక గట్టి పలుకు మిగిలిపోయింది. అన్నంలో రాయిలాగా! అది ఊడిపోయి మిల్లీమీటరున్నర కూడా లేని గుంట ఏర్పడింది. ఆ గుంటలోంచి పగులు పుట్టి ఒక్కో ఎగురుడుతో ఒక్కో అడుగు వేసింది.

ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. ప్రమాదానికి 760 సైకిళ్ళ ముందు ఆ డిస్కును పరీక్ష చేశారు. మెరిసే ద్రవం పూసి, కడిగి, అతినీలలోహిత కాంతిలో చూసే పరీక్ష అది. పగులు ఉంటే అందులో మిగిలిన ద్రవం గీతలా మెరుస్తుంది. అప్పటికే పగులు దాదాపు అరంగుళం ఉండి ఉంటుందని దర్యాప్తు చేసినవారు లెక్కగట్టారు. పరీక్షలో అది బయటపడలేదు.

దీంతో పాఠం పూర్తయింది. లెక్క కావాలి, పరీక్ష కావాలి, లోహం పుట్టుకలోనే శుద్ధి కావాలి. ఇప్పుడు ఇలాంటి భాగాలకు వాడే టైటానియంను శూన్యంలో ఒకటికి మూడుసార్లు కరిగిస్తారు. మన హైదరాబాదులోని కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్, అంటే మిధాని, టైటానియం మిశ్రమలోహాలను తయారుచేసేది శూన్య కొలుముల్లోనే.

ఆజ్ఞ వచ్చిందంటే

ఒక్కోసారి, ఫలానా భాగం అనుకున్నదాని కంటే ముందే అలసిపోతోందని తెలుస్తుంది. అప్పుడు ప్రభుత్వ విమానయాన శాఖలు ఆజ్ఞ జారీ చేస్తాయి. అది సలహా కాదు. పాటించని విమానం ఎగరకూడదు.

2018 ఏప్రిల్ 17న ఒక బోయింగ్ 737లో 32,000కు పైగా సైకిళ్ళు తిరిగిన ఫ్యాను బ్లేడు మొదలంటా విరిగింది. బ్లేడును తొడుగు ఆపింది గాని, ఇంజను పై కప్పు ముక్క ఎగిరి కిటికీని పగలగొట్టింది. ఒక ప్రయాణికురాలు చనిపోయింది. మూడు రోజుల్లోనే ఆజ్ఞ వచ్చింది. 30,000 సైకిళ్ళు దాటిన బ్లేడ్లన్నిటినీ 20 రోజుల్లోగా అల్ట్రాసౌండుతో పరీక్షించాలి, పగులు జాడ కనిపిస్తే ఆ బ్లేడు మళ్ళీ ఎగరకూడదు.

మన దేశంలో ఈ పని డీజీసీఏది. కొన్ని ఎ320 నియో విమానాల ఇంజన్లలో టర్బైను బ్లేడ్లు దెబ్బతిని, గాలిలో ఉండగా ఇంజన్లు ఆపవలసి వచ్చేది. 2019 నవంబరు 1న డీజీసీఏ ఒక విమాన సంస్థకు గట్టిగా చెప్పింది. మీ 97 విమానాల్లో ప్రతిదానికీ మార్చిన బ్లేడ్లు గల ఇంజన్లు 2020 జనవరి 31 లోగా బిగించాలి, లేకపోతే ఆ విమానం నేల మీదే ఉండాలి అని. అన్ని ఇంజన్లు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తాయి? తర్వాత గడువు పొడిగించవలసి వచ్చింది. కానీ పాత బ్లేడ్లతోనే నెట్టుకొస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు.

కాగితం లేకపోతే తుక్కే

మీరు బడి మారితే టీసీ మీతో వస్తుంది. డిస్కు కూడా అంతే. ప్రతి డిస్కుకూ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక చరిత్ర ఉంటాయి. ఒక ఇంజను లోంచి తీసి ఇంకొక దానిలో బిగించినా లెక్క దాని వెంటే వెళుతుంది. ఆ కాగితాలు పోతే డిస్కు ఎంత బాగున్నా పనికిరాదు. అది ఎన్నిసార్లు "వంగిందో" ఎవరు చెప్పగలరు?

పని అయిపోయిన డిస్కును ముక్కలు కోయించేది కూడా ఇందుకే. ఎవరైనా మెరుగుపెట్టి కొత్తదని అమ్మితే కంటితో పోల్చుకోలేం. ఇలాంటి మోసం కల్పన కాదు. 2023లో దొంగ కాగితాలు జతచేసిన భాగాలు కొన్ని ఇంజన్లలోకి చేరాయని బయటపడింది. అనేక దేశాల విమాన సంస్థలు ఆ ఇంజన్లను విప్పి, ఆ భాగాలను తీసేయవలసి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, షెడ్డులో ఇంజనీరుకు మతి పోయిందా? అమ్మమ్మ తాడు తన అలసటను పీచు లేపి చూపిస్తుంది. లోహం చివరి క్షణం దాకా ఏమీ చెప్పదు. చెప్పని దాని బదులు మనమే లెక్క రాసిపెట్టుకోవాలి.

మీరు విరిచిన తీగలను పారేయకండి. ఒక్కొక్కటి ఎన్నిసార్లకు విరిగిందో కాగితం మీద రాసి, దాని పక్కన అంటించి తరగతిలో పెట్టండి. మీ స్నేహితుల లెక్కలు కూడా కలపండి. వంద ముక్కల లెక్క తయారయ్యాక అన్నింటికంటే చిన్న అంకె ఏదో చూడండి. మీ మొదటి పదిలో వచ్చిన చిన్న అంకె కంటే అది ఇంకా చిన్నదైతే, నాలుగు దగ్గరే ఆగిపోవాలన్న మన మాట ఎంత మంచిదో మీకే తెలుస్తుంది.