లడ్డు ఎవురైనా చెయ్యొచ్చు, పేరే పెట్టగూడదు

తిరపతి లడ్డు ఇంట్లో చేసుకుంటే ఎవురూ అడ్డం చెప్పరు. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, యాలక్కాయలు, కలకండ అన్నీ అంగట్లో దొరికేవే. కానీ దాన్నే డబ్బాలో పెట్టి ‘తిరుపతి లడ్డు’ అని అమ్ముతామంటే కుదరదు. 2009లో ఆ పేరుకు జీఐ గుర్తింపు వచ్చింది, ఆ హక్కు టీటీడీది. చేసే విధానం ఒక సంగతి, పేరు ఇంకో సంగతి. ఈ తేడా తెలీకనే పలమనేరు పక్క మాకు తెల్సిన ఫోటో స్టూడియో ఆయన మూడేండ్లు ఊరికే డబ్బు కట్టినాడు.

ఆయన పని పెండ్లిండ్లకు ఫోటోలు, వీడియోలు తీసేది. ఒక్కో పెండ్లికి వందల జీబీలు. సీడీల్లో, విడి హార్డ్ డిస్కుల్లో పెట్టి పెట్టి యాష్టపోయి, ఒక కంపెనీ కాడ నాస్ పెట్టె కొన్న్యాడు. నాస్ అంటే పెద్ద మాయేం లేదు. నాలుగు డిస్కులు పెట్టిన చిన్న కంప్యూటరు, వైర్లో తగిలిస్తే స్టూడియోలో ఉండే అన్ని సిస్టాలకూ ఒకే బీరువా మాదిరి కనపడుతుంది. ఒక డిస్కు పోయినా మిగతావాటిల్లోంచి డేటా వస్తుంది. ‘సాఫ్ట్‌వేర్ మా సొంతం సార్, అందుకే ఏడాదికి పద్దెనిమిది వేలు లైసెన్సు’ అన్న్యారంట. కడతా వచ్చినాడు. నాలుగో ఏడు ఎండాకాలంలో కరెంటు ఎచ్చుతగ్గులకు మదర్‌బోర్డు కాలిపోయింది. ఫోను చేస్తే ఆ నెంబరు పలకదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన మొగం చూడలేకపోయినా. ఒక ఆడబిడ్డ పెండ్లి వీడియో అందులో ఉండాది. పెండ్లైన రెండు నెలలకే వాళ్ల నాయన చనిపోయినాడు. ఆయన నవ్వుతా, మాట్లాడతా ఉండేది ఆ ఒక్క వీడియోలోనే. ఆ బిడ్డ వారానికొక తూరి ఫోను చేసి అడగతాంది.

అదృష్టం ఏందంటే, ఎప్పుడో ఎర్రర్ వస్తే ఆ పేజీని సెల్లులో ఫోటో తీసిపెట్టుకున్న్యాడు. చూసిన వెంటనే గుర్తుపట్టినా. పైన ఆ కంపెనీ పేరు, వాళ్ల బొమ్మ. కింద మెనూలు మక్కీకి మక్కీ ఫ్రీనాస్‌వి. ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు!

2005లో ఒలివియే కొషార్ లబ్బే అనే ఫ్రాన్సు ఆయన ఫ్రీనాస్ మొదలుపెట్టినాడు. ఆయన కూడా సున్నా నుంచి రాయలేదు. ఎం0ఎన్0వాల్ అనే ఫైర్‌వాల్‌ను తీసుకోని దాని మింద కట్టినాడు. తర్వాత ఐఎక్స్‌సిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ దీన్ని చేతికి తీసుకుంది. పాత కోడునే నడుపుకుంటా పోదామనుకున్నోళ్లకు కోడు మిగిలింది గానీ పేరు మిగల్లేదు. 2012లో నాస్4ఫ్రీ అని పెట్టుకున్న్యారు, 2018లో దాన్ని మళ్లీ జిగ్మానాస్ అని మార్చినారు. అప్పుడు ముందుండి నడిపిన వోల్కర్ టైలె అయితే లైనక్సు మింద కొత్తగా రాసి ఓపెన్‌మీడియావాల్ట్ అన్న్యాడు. ఐఎక్స్‌సిస్టమ్స్ కూడా 2020లో ఫ్రీనాస్ అనే పేరు తీసేసి ట్రూనాస్‌లో కలిపేసింది. లడ్డు కత ఇదే. విధానం అందరిదీ, పేరు ఒకరిది.

అయితే మన పెట్టె అమ్మినోడు దొంగేనా? మొదట నేనూ అట్లే ఎగిరినా. తర్వాత లైసెన్సు కూర్చోని చదివితే నోరు మూతపడింది. ఫ్రీనాస్ కోడు బీఎస్‌డీ లైసెన్సు కింద ఉండాది. దాన్ని తీసుకోవచ్చు, మార్చొచ్చు, సొంత పేరు పెట్టొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మార్చిన కోడు చూపించాల్సిన పని లేదు. కానీ రాసినోళ్ల కాపీరైటు నోటీసు, ఆ లైసెన్సు పాఠం తీసెయ్యగూడదు. మన చిత్తూరు తోతాపురి గుజ్జు మాదిరి అన్నమాట. ఈడ ఫ్యాక్టరీల్లో గుజ్జై పోయి, యాడనో సీసాలో ఇంకో పేరుతో అంగడికొస్తుంది. రైతు పేరు యాడా ఉండదు. బీఎస్‌డీలో రవ్వంత నయం, సీసా వెనకైనా రైతు పేరు రాయమంటాది.

ఇట్ల పేరు మార్చి అమ్ముకోవడం తప్పు కాదు గాబట్టి, వాళ్లు తప్పింది వేరే చోట. సొంతంగా రాసినామని చెప్పింది అబద్ధం. ఆ కోడుకు లైసెన్సు ఫీజు అనేదే లేదు. బిగించినందుకు, చూసుకున్నందుకు కూలి అడిగుంటే న్యాయం. అబద్ధానికి అద్దె వసూలు చేసినారు.

జీపీఎల్ అయితే దోవ వేరు. మార్చి ఎవురికైనా ఇస్తే, వాళ్లకు సోర్సు కోడు ఇచ్చే తీరాల. ఏజీపీఎల్ ఇంకా గట్టిది. ఇంటర్నెట్లో సర్వీసుగా నడిపినా, వాడేవాళ్లకు మార్చిన కోడు ఇవ్వాల. మినియో అని ఇంకో స్టోరేజీ సాఫ్ట్‌వేరు ఉండాది, 2021లో అపాచీ లైసెన్సు వదిలేసి ఏజీపీఎల్‌కు పోయింది. మరుసటి ఏడు న్యూటానిక్స్ మింద వీధికెక్కింది, మా కోడు వాడుకోని మా పేరు చెప్పలేదని. పెద్ద కంపెనీల మధ్యనే ఇంత రచ్చ.

దూరం ఎందుకు, మన తెలుగు ఫాంట్లు చూడండి. పోతన2000 జీపీఎల్ కింద ఉండాది. మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినాయి. ఆ లైసెన్సులో ఒక మెలిక ఉండాది. చేసినోళ్లు పేరును రిజర్వు చేసుకుంటే, మీరు అక్షరాలు మార్చి పంచుకోవచ్చు గానీ ఆ పేరుతో పంచగూడదు. ఒట్టి ఫాంటును విడిగా అమ్మనూగూడదు.

ఇంక డిస్కుల సంగతికొస్తా. ఫ్రీనాస్ డిస్కుల్లో జడ్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో రాస్తుంది. అది సన్ కంపెనీ చేసింది, 2005లో కోడు బయటపెట్టింది. 2010లో ఒరాకిల్ సన్‌ను కొని తలుపు మూసేసింది. కానీ అప్పటికే బయటికొచ్చిన కోడును ఎవురూ వెనక్కి గుంజుకోలేరు. 2013 నుంచి దాన్నే ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో జనం నడుపుతాండారు. మా స్టూడియో ఆయన డేటా బతికింది ఈ ఒక్క కారణానికే.

డిగ్రీ కాలేజీ పిల్లకాయి ఒకడి కాడ పాత డెస్క్‌టాప్ తెచ్చినాం. ఎనిమిది జీబీ ర్యామ్ ఏసి, చిన్న ఎస్‌ఎస్‌డీలో ట్రూనాస్ ఎక్కించి, నాలుగు డిస్కులూ తగిలించినాం. ఇంపోర్ట్ పూల్ అనే చోట నొక్కితే పాత పేరు కనపడింది. పెట్టె పోయినా, అమ్మినోడు పోయినా, డిస్కులకు వాళ్లతో పని లేదు. డిస్కులకు తాళం పెట్టుంటే మాత్రం తాళంచెవి ఫైలు లేకుండా ఏమీ చెయ్యలేకపోదుం. పెట్టె కొనేటప్పుడే ‘లోపల ఏం సాఫ్ట్‌వేరు, ఏ లైసెన్సు, తాళంచెవి నా చేతికిస్తారా’ అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఆ డెస్క్‌టాప్ ఇచ్చిన పిల్లకాయి ఇప్పుడు ఇదే పని చేస్తాండాడు. మదనపల్లె, పుంగనూరు పక్క స్టూడియోలకు పెట్టెలు బిగిస్తాడు. పెట్టె మింద వాడి పేరే ఉండాది, ట్రూనాస్ బొమ్మ వాడుకోలేదు. దాని కింద చిన్నచ్చరాలతో ‘లోపల నడిచేది ట్రూనాస్, దానికి లైసెన్సు ఫీజు లేదు, నా కూలి మాత్రం ఇవ్వాల’ అని తెలుగులో రాసి అంటించినాడు. ఆ బిడ్డకు వీడియో పెన్‌డ్రైవ్‌లో ఏసి ఇచ్చింది కూడా వాడే.