పాత కారును విడువవలసిన వేళ

పన్నెండు పదునాలుగేండ్లు నడచిన చిన్న పెట్రోలు కారొకటి మెకానిక్కు షెడ్డులో నిలిచిపోయి, ఇంజను పనికి అరువది వేల రూపాయలగునని అంచనా వచ్చిన దినమున, మధ్యతరగతి గృహములలో జరుగు చర్చ ఏ యూర నయినను ఇంచుమించుగా ఒక్క త్రోవనే నడచును. అమ్మినచో ఎనుబది వేలైనను రాని బండికి అరువది వేలు పెట్టుట ఏమి వివేకమని యొకరందురు. పోయిన యేడే నలువది వేలు పెట్టి గేరుబాక్సు బాగుచేయించితిమి గదా, ఇప్పుడు విడిచినచో ఆ ధనమంతయు బూడిదలో పోసిన పన్నీరగునని మఱియొకరందురు. రెండును వినుటకు హేతుబద్ధములుగనే యుండును. కాని రెండిటియందును దోషమొక్కటే. మొదటివారు మరమ్మతు వ్యయమును బండి అమ్మకపు వెలతో పోల్చుచున్నారు; రెండవవారు గడచిన వ్యయముతో పోల్చుచున్నారు. నిజమునకు పోల్చవలసినవి, ఈ బండి రాబోవు సంవత్సరమున మనకు చేయు సేవకగు మొత్తపు ఖర్చును, అదే సేవను మఱియొక బండిచే చేయించుకొన్నచో సగటున ఏడాదికి పడు ఖర్చును.

ఈ సూత్రము కొత్తది కాదు. అమెరికాలో జె. ఎస్. టేలర్ 1923లోను, హెరాల్డ్ హోటెలింగ్ 1925లోను, యంత్రముల విలువ క్రమముగా తరిగిపోవుటను గూర్చి గణితరీత్యా వ్రాసిన వ్యాసములందే దీని మూలమున్నది. యంత్రము కొన్న నాటినుండి గడచిన కాలముపై సగటు వార్షిక వ్యయమును గణించుచు పోయినచో, మొదట కొనుగోలు భారము అనేక సంవత్సరములపై పఱచుకొనుటచే ఆ సగటు తగ్గుచు వచ్చును. పిమ్మట మరమ్మతులు పెరుగుటచే మరల పైకెక్కును. ఒక సంవత్సరపు ప్రత్యేక వ్యయము ఆ సగటును దాటునంతవరకు యంత్రమును ఉంచుకొనుటయే లాభము. దాటిన పిమ్మట ఉంచుకొనుట నష్టము. కర్మాగారపు యంత్రములకు పుట్టిన ఈ నియమము ఇంటి ముంగిట నిలిచిన కారునకును అక్షరాలా వర్తించును.

అంకెలతో చూచినగాని విషయము స్పష్టము కాదు గనుక, నిదర్శనార్థమై కొన్ని వెలలను ఊహించుకొందము. పాఠకులు తమతమ అంకెలను వాని స్థానమున నిలుపుకొనవచ్చును. రోడ్డుమీదికి వచ్చునప్పటికి 6,50,000 రూపాయలగు కొత్త చిన్న కారును పదేండ్లు నడపి లక్షకు అమ్మినచో, ఏడాదికి 55,000 విలువ కరగిపోవును. అందు నిలిచిన సగటు పెట్టుబడిపై నూటికి ఏడు చొప్పున వడ్డీ 26,000, బీమాకు 14,000, సర్వీసింగునకును మరమ్మతులకును సగటున 14,000 వేసికొన్నచో, ఏడాదికి మొత్తము 1,09,000 అగును. అయిదేండ్లు నడచిన కారును 3,25,000కు కొని, మఱి అయిదేండ్లు వాడి, 1,25,000కు అమ్మినచో, తరుగుదల 40,000, వడ్డీ 16,000, బీమా 8,000, మరమ్మతులు 20,000, వెరసి 84,000. ఇక మన ముసలి బండి వెల 80,000 అనుకొందము. వచ్చు ఏడాదికి అది 65,000కు దిగును గనుక తరుగుదల 15,000, వడ్డీ 6,000, థర్డ్ పార్టీ బీమా మాత్రమే చాలును గనుక 3,000. దీనికి పెట్రోలు వ్యత్యాసమును కలుపవలెను. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగు యజమానికి, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చు పాత బండి, 20 కిలోమీటర్లిచ్చు బండికంటె సుమారు 167 లీటర్లు అధికముగా త్రాగును. లీటరు 105 రూపాయలైనచో అది 18,000కు కొంచెము తక్కువ. అన్నియు కూడినచో, మరమ్మతులు గాక, పాత బండి ఖర్చు 42,000.

ఈ మూడు మొత్తములను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు కర్తవ్యము దానంతట అదే తేటపడును. ఏడాదికి మరమ్మతులు 42,000 లోపున నున్నంతవరకు, వాడిన కారునకు మారుటయు నష్టమే. 67,000 దాటునంతవరకు కొత్త కారు కొనుట నష్టము. మొదట చెప్పిన అరువది వేల ఇంజను పని ఒక్క ఏడాదికి మాత్రమే ప్రాణము పోయునదైనచో, బండిని విడిచి అయిదేండ్ల కారును తెచ్చుకొనుట మేలు. అదే పని నమ్మకముగా మూడేండ్లు నిలుచునదైనచో, ఏడాదికి ఇరువది వేలే పడును, మామూలు మరమ్మతులకు మఱి పదునైదు వేలు కలిపినను 35,000 దాటదు, బండిని ఉంచుకొనవలసినదే. కావున షెడ్డులో అడుగవలసిన ప్రశ్న "ఎంత యగును?" అనుటతో ముగియరాదు, "ఇది చేయించినచో ఎన్నాళ్లు నడచును, దీని తరువాత చెడుటకు సిద్ధముగా నున్నదేమి?" అని అడుగవలెను. నిజాయితీ గల మెకానిక్కు ఈ రెండవ ప్రశ్నకు చెప్పు సమాధానము, ఎంత పెద్ద గణితమునకైనను కావలసిన ముడిసరుకు.

ఇచట, వయసు మీరిన యంత్రము రానురాను మఱింత తఱచుగా చెడును గదా యను భయము సహజముగా కలుగును. ఈ విషయమున విజ్ఞానశాస్త్రము చెప్పునది మన ఊహకు కొంత భిన్నముగా నున్నది. స్వీడను దేశపు ఇంజినీరు వాలోడి వైబుల్ 1951లో ప్రకటించిన సంభావ్యతా సూత్రము, వస్తువులు చెడు తీరును మూడు విధములుగా వేరుపరచుటకు తోడ్పడినది: తయారీ లోపమున తొలినాళ్లలోనే చెడునవి, వయసుతో నిమిత్తము లేక ఎపుడైనను చెడునవి, అరిగి అరిగి చెడునవి. బ్రేకు ప్యాడ్లు, టైర్లు, క్లచ్చి ప్లేటు, టైమింగు బెల్టు మూడవ జాతివి. వీనికి ఆయుర్దాయము కలదు, గడువు మీరకముందే మార్చుకొనవచ్చును. కాని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థకు చెందిన నౌలన్, హీప్ అను ఇంజినీర్లు విమాన భాగములను పరిశీలించి 1978లో సమర్పించిన నివేదికలో, నూటికి 11 భాగములు మాత్రమే వయసుతో స్పష్టముగా క్షీణించు లక్షణము చూపినవనియు, తక్కిన 89 భాగములకు ఇంత వయసున మార్చవలెనను నియమము వలన ప్రయోజనము లేదనియు తేల్చిరి. కారు విమానము కాదు. అయినను సెన్సార్లు, ఇంజను కంట్రోలు యూనిట్టు వంటివి ఈ రెండవ జాతికే చెందును. రెండేండ్ల కారులోను చెడును, పదునాలుగేండ్ల కారులోను చెడును.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది 1960లో ఆర్. ఎఫ్. డ్రెనిక్ నిరూపించిన సిద్ధాంతము. అనేక భాగములతో కూడిన యంత్రమున, చెడిన భాగమును చెడినపుడెల్ల కొత్తదానితో మార్చుచు పోయినచో, కొంతకాలమునకు భాగముల వయసులు కలగాపులగమై, మొత్తము యంత్రము చెడు వేగము పెరుగుట మాని, ఒక స్థిరమైన సగటున నిలుచును. ఒకటి బాగుచేసిన వెంటనే ఇంకొకటి చెడుచున్నదని విసుగుచెందు యజమాని, పలుమారులు ఈ మధ్యదశలోనే ఉండును: ఒకే యేడు పుట్టిన భాగములన్నియు ఒకే కాలమున గడువు మీరుచున్నవి. రెండు మూడేండ్లు ఓర్చి వానిని మార్పించిన పిమ్మట ఆ బండి మరల నిలకడగా నడచుట అసంభవము కాదు. ఆ రెండు మూడేండ్ల ఖర్చును భరించి, సుఖము మొదలగు సమయమునకు బండిని అయినకాడికి అమ్ముకొనుట మిక్కిలి విచారింపదగిన విషయము.

అయితే ఈ సిద్ధాంతమున కొక హద్దు కలదు. భాగములు ఒకదానితో నొకటి సంబంధము లేక విడివిడిగా చెడునపుడే అది చెల్లును. అన్నిటిని ఒక్కసారిగా బాధించు కారణములున్నచో చెల్లదు. మన దేశమున అట్టి కారణములు ముఖ్యముగా మూడు: వేడి, ఇంజను అతితాపము, తుప్పు. రసాయన చర్యల వేగము ఉష్ణోగ్రతతో ఎట్లు పెరుగునో స్వాంటే అర్హీనియస్ 1889లోనే సూత్రీకరించెను. స్థూలముగా పది డిగ్రీలు పెరిగినచో వేగము రెట్టింపగునని చెప్పుదురు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఎండలో నిలిచిన బండి బానెట్టు క్రింద రబ్బరు గొట్టములు, సీళ్లు, వైర్ల పూతలు చల్లని ప్రదేశములందుకంటె ఎంతో త్వరగా గట్టిపడి పగులుట ఇందువలననే. గొట్టముల వెల స్వల్పము. వాని నుపేక్షించుట వలన కలుగు ఫలితము మాత్రము స్వల్పము కాదు. కూలెంటు కారిపోయి ఇంజను మితిమీరి వేడెక్కినచో, ఒక డిగ్రీకి మీటరుకు మిల్లీమీటరులో వెయ్యవ వంతులు 23 చొప్పున పెరుగు అల్యూమినియపు హెడ్డు, సుమారు 11 చొప్పున మాత్రమే పెరుగు పోత ఇనుప బ్లాకుపై వంకర తిరిగి, నడుమనున్న గాస్కెట్టు పోవును. కారిన జాడ లేకయే కూలెంటు తరుగుట, తెల్లని పొగ ఎడతెగక వచ్చుట, ఇంజనాయిలు పాలవలె తెల్లబారుట దీని లక్షణములు. ఒకసారి బాగుగా వేడెక్కిన ఇంజను నూటికి నూరుపాళ్లు పూర్వస్థితికి వచ్చునని హామీ ఇచ్చువారిని నమ్మరాదు.

తుప్పు విషయమున నా అభిప్రాయము మఱింత కఠినము. చిన్న కార్లకు వేరుగా చట్రముండదు, బాడీయే చట్రము. విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలిలోని క్లోరైడు, పెయింటు క్రింద చేరి ఉక్కును తినివేయును. తలుపుల అంచున కనబడు తుప్పు అందమునకు సంబంధించినది మాత్రమే. తలుపుల క్రింది దూలములలోను, సస్పెన్షను బిగించు చోటులలోను పుట్టిన తుప్పు ప్రాణమునకు సంబంధించినది. ఇంజనును మార్చవచ్చును, గేరుబాక్సును మార్చవచ్చును. విజయవాడ ఆటోనగరున వాడిన స్పేరు పార్టులు దొరకును. కాని ఎముక కరగిన బాడీని వెల్డింగు అతుకులతో నిలుపుట దుస్సాహసము. అట్టి బండి విషయమున పైన వేసిన లెక్క ఏదియు అవసరము లేదు.

లెక్కకు అందని మఱియొక వ్యయము గలదు. అది విశ్వాసరాహిత్యపు వ్యయము. దీనిని గణితమున ఇముడ్చుటకు జరిగిన ప్రసిద్ధ ప్రయత్నము, అర్థశాస్త్రజ్ఞుడు జాన్ రస్ట్ 1987లో 'ఎకనమెట్రికా' పత్రికయందు ప్రకటించిన వ్యాసము. అమెరికాలోని మాడిసన్ నగరపు బస్సుల నిర్వహణాధికారి హెరాల్డ్ జర్కర్, ఏ బస్సు ఇంజనును ఎపుడు మార్చెనో తెలుపు సుమారు పదేండ్ల నెలవారీ లెక్కలను రస్ట్ సంపాదించి, ఆ నిర్ణయముల వెనుకనున్న తర్కమును వెలికితీసెను. జర్కర్ ఏ సమీకరణమును సాధించి యుండలేదు. అయినను ఆయన నిర్ణయములు, నేటి మరమ్మతు ఖర్చును రాబోవు నెలల అపాయముతో తూచి చూచు వివేకికి తగినట్లుగనే ఉన్నవని తేలినది. నడిత్రోవలో బస్సు ఆగుటవలన ప్రయాణికుల నమ్మకము సడలుటయు ఆ తూకమున చేరిన వ్యయమే. మన ఇండ్లలోను ఇట్లే చూడవలెను. బండి ఆగిన దినమున టాక్సీకి, టోయింగునకు, పోయిన జీతమునకు అయినదెంతో పుస్తకమున వ్రాసికొని మరమ్మతుల పద్దులో కలుపవలెను. ఊరిలో కూరగాయలకును బడికిని తిరుగు బండి ఏడాదికి మూడుమార్లు ఆగిన అది చికాకు మాత్రమే; డయాలిసిస్సునకు వారమునకు రెండుమూడు మారులు పోవలసిన రోగి గల యింట, రాత్రివేళ హైవేపై ఒంటరిగా పోవలసిన ఉద్యోగిని గల యింట, అదే బండి ఒక్కమారు ఆగుటయు సహింపరానిది. అట్టివారు పై లెక్కలో ముప్పది నలువది వేలు నష్టమున్నను బండిని మార్చుట న్యాయము. ప్రమాదరక్షణ కూడ ఇందులోనిదే: కొత్త కార్లలో ఎ.బి.ఎస్. 2019 ఏప్రిల్ నుండియు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు అదే సంవత్సరము జులై నుండియు విధిగా నుండవలసి వచ్చినవి. అంతకు పూర్వపు చౌక కార్లలో పెక్కింటికి ఈ రెండును లేవు.

మారుట నిశ్చయమైన పిమ్మట, పరిమిత ధనము గలవారికి నాలుగైదేండ్ల కారే ఉత్తమమని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన బీమా సంస్థల పట్టిక ప్రకారమే బండి విలువ అయిదేండ్లకు సగమగును, ఆ సగమును మొదటి యజమాని భరించి యుండును. కాని వరదలో మునిగిన బండిని మాత్రము కొనరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడలో అనేక వాహనములు నీట నిలిచినవి. సీటుబెల్టును కొసవరకు లాగి బురద చార కలదేమో చూచుటయు, సీట్ల పట్టాల క్రింద మన్ను తడవి చూచుటయు, బీమా క్లెయిముల చరిత్ర నడుగుటయు ప్రతి కొనుగోలుదారునకు కర్తవ్యము.

సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిమ్మట తనిఖీ చేయించి అయిదేండ్లకొకసారి రెన్యూవలు చేయించుకొనవలెను. 600 రూపాయలుగా నున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయినది. ఆ గడువుకు ముందు సంవత్సరమే ఈ లెక్క వేసికొనుట మంచిది. బాడీ కరగిన బండిని, బ్రేకులు నమ్మరాని బండిని తక్కువ వెలకు మఱియొక పేద కుటుంబమునకు అంటగట్టవలదని మాత్రము పాఠకులను ప్రార్థించుచున్నాను. ప్రభుత్వ గుర్తింపు గల స్క్రాపింగు కేంద్రమునకు దానిని అప్పగించినచో తుక్కు వెలతో పాటు డిపాజిట్ సర్టిఫికెట్టు నిత్తురు. దానిని చూపినవారికి కొత్త వాహనపు రిజిస్ట్రేషను రుసుము మాఫీ యగును, వాహనపు పన్నులో నూటికి 25 వంతుల వరకు రాయితీ ఇచ్చుటకు రాష్ట్ర ప్రభుత్వములకు కేంద్ర నిబంధనలు వీలు కల్పించుచున్నవి.