మీకు తెలుసా? కప్పు చేజారినా మరవని రాత్రి

బళ్లారి జిల్లా తోరణగల్లులో భారీ ఉక్కు కర్మాగారం నడిపే జేఎస్‌డబ్ల్యూ సంస్థదే బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు కూడా.

2016 అక్టోబర్ 19. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఆ జట్టుకు ఆసియా క్లబ్‌ల పోటీ ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్. ఎదుట ఉన్నది అంతకుముందు ఏడాది విజేత, మలేసియా జట్టు జొహోర్. మొదటి గోల్ వాళ్లదే. ఆ తర్వాత సునీల్ ఛెత్రి రెండు, హువాన్ ఆంటోనియో ఒకటి కొట్టడంతో ఆట 3-1తో తిరగబడింది. ఈ కప్‌లో ఫైనల్ చేరిన తొలి భారత జట్టు బెంగళూరు ఎఫ్‌సీయే!

నవంబర్ 5న దోహాలో జరిగిన ఫైనల్లో మాత్రం ఇరాక్ వైమానిక దళ జట్టు 1-0తో కప్పు ఎగరేసుకుపోయింది.

భారత జట్ల ఘనతల గురించి హైదరాబాద్ పాతతరం ఫుట్‌బాల్ అభిమానుల ముచ్చట్లు ఇంకా వెనక్కి వెళతాయి. కోచ్ రహీం శిక్షణలో అక్కడి సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది.