వార్తల్లో పదం: వియన్నా ఒప్పందాల ఒడంబడిక

2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత సింధు జలాల ఒప్పందాన్ని భారత్ నిలిపివేయడంతో ఈ ఒడంబడిక చర్చకొచ్చింది. దేశాల మధ్య ఒప్పందాలు ఎలా కుదరాలో, ఎప్పుడు రద్దవుతాయో ఇది చెబుతుంది. 1969లో ఖరారై, 1980లో అమల్లోకి వచ్చింది. ఒప్పందాన్ని చిత్తశుద్ధితో పాటించాలన్న 26వ అధికరణమే దీనికి ప్రాణం. పరిస్థితులు మౌలికంగా మారితే తప్పుకొనే వీలు 62వ అధికరణం ఇస్తుంది గానీ, అది నెగ్గడం చాలా కష్టం. డాన్యూబ్ ఆనకట్టల ఒప్పందం నుంచి వైదొలగిన హంగరీ ఇదే వాదిస్తే, 1997లో అంతర్జాతీయ న్యాయస్థానం తోసిపుచ్చింది. సరైన తీర్పే, లేకుంటే ఏ సంతకానికీ విలువ ఉండదు. భారత్ ఈ ఒడంబడికలో చేరలేదు. అయినా ఇందులోని ప్రధాన సూత్రాలు సంప్రదాయ అంతర్జాతీయ న్యాయంగా అన్ని దేశాలకూ వర్తిస్తాయి. ఇక 1960 నాటి సింధు ఒప్పందమైతే, ఇరు ప్రభుత్వాలు మరో ఒప్పందంతో రద్దు చేసుకునేదాకా కొనసాగుతుందని దాని 12వ అధికరణమే చెబుతోంది.