ఊరంతటికీ ఒకే ఆటల కొట్టు?

ఇంట్లో పదేళ్లు దాటిన మగపిల్లలున్న అమ్మానాన్నలు ఈ రోజు కాస్త చెవి ఇటు వెయ్యండి.

మొన్న శనివారం మా బావగారు కొడుక్కి పుట్టినరోజు కానుకగా కంప్యూటర్ ఆట డిస్కు కొందామని డబ్లిన్‌లో కొట్లన్నీ తిరిగారు. చివరికి వాడే "డిస్కు ఎందుకు నాన్నా, స్టీమ్ కార్డు కొను చాలు" అన్నాడట. బావగారు నాకు ఫోన్ చేసి, "ఇదేమిటోయ్, ఊరంతటికీ ఒకటే కొట్టా? దీన్ని గుత్తాధిపత్యం అనరూ?" అన్నారు. ఐటీ వాడినైతే చాలు, చట్టం కూడా తెలుసనుకుంటారు మనవాళ్లు!

గుత్త అంటే ఏమిటి? పల్లెల్లో చెరువు చేపలను వేలం వేసి ఒకరికి గుత్తకిస్తారు. ఇక వేరేవాళ్లు వల వేస్తే తప్పు. స్టీమ్‌కి అలాంటి గుత్త ఎవరూ ఇవ్వలేదు. అమెరికాలోని వాల్వ్ కంపెనీ 2003లో దాన్ని మొదలుపెట్టింది తన ఆటలకు అప్‌డేట్లు పంపుకోవడానికి. 2004లో హాఫ్-లైఫ్ 2 డిస్కు కొన్నవాళ్లు కూడా స్టీమ్ పెట్టుకోవలసి వచ్చింది. 2005 నుంచి బయటివాళ్ల ఆటలూ అమ్మసాగింది. అలా పెరిగింది.

పోటీ లేదా అంటే ఉంది. 2018 డిసెంబరులో ఎపిక్ వాళ్లు కొట్టు తెరిచి 12 శాతం కమీషన్ చాలన్నారు. స్టీమ్‌ది 30 శాతం. ఇక్కడ 20 యూరోలకు అమ్మే ఆటలో 23 శాతం వ్యాట్ పోగా మిగిలేది 16 యూరోల 26 సెంట్లు. ఆట తయారుచేసినవాడికి స్టీమ్‌లో దక్కేది సుమారు 11.40, ఎపిక్‌లో ఆ 12 శాతం లెక్కన 14.30. పైగా స్టీమ్‌లో అమ్మకాలు కోటి డాలర్లు దాటితే కమీషన్ 25కి, అయిదు కోట్లు దాటితే 20కి తగ్గుతుంది. అంటే చిన్నవాడి మీదే బరువు ఎక్కువ. ఇది నాకు నచ్చదు.

మరి అందరూ ఎపిక్‌కి ఎందుకు పోరు? గుంటూరు మిర్చి యార్డు గుర్తుందా? కమీషన్ నచ్చకపోయినా కొనేవాళ్లంతా అక్కడికే వస్తారు కనక రైతూ అక్కడికే పోతాడు. రైతులు వస్తారు కనక కొనేవాళ్లూ వస్తారు. దీనికి తోడు మావాడి ఆటలు, స్నేహితులు అన్నీ ఆ ఒక్క ఖాతాలోనే ఉన్నాయి. వాటిని మూటకట్టుకుని ఇంకో కొట్టుకి పోలేడు.

ఇక చట్టం. ఐరోపా ఒప్పందంలో 102వ అధికరణం, ఐర్లండ్ 2002 పోటీ చట్టంలో 5వ సెక్షను రెండూ చెప్పేది ఒకటే: పెద్దవాడు కావడం నేరం కాదు, ఆ బలాన్ని దుర్వినియోగం చేస్తే నేరం. మార్కెట్‌లో సగం వాటా ఒకరి చేతిలో ఉంటే పెత్తనం ఉన్నట్టే అనుకోవచ్చని ఐరోపా కోర్టు 1991లో అక్జో కేసులో అన్నది. కాని ఏ మార్కెట్‌లో సగం? పీసీ ఆటలే లెక్కా, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, సెల్‌ఫోన్ ఆటలు కూడానా? వకీళ్ల వాదనలో సగం ఇక్కడే గడిచిపోతుంది.

వాల్వ్‌కి ఐరోపాలో జరిమానా పడింది, కాని గుత్తాధిపత్యానికి కాదు. చెక్ రిపబ్లిక్, పోలండ్ వంటి దేశాల్లో చవకగా కొన్న ఆటల తాళాలు మిగతా దేశాల్లో తెరుచుకోకుండా అయిదుగురు ప్రచురణకర్తలతో కలిసి అడ్డుకట్ట వేసినందుకు. 2021 జనవరిలో కమిషన్ అందరికీ కలిపి 78 లక్షల యూరోలు వేసింది. అందులో వాల్వ్ వాటా 16 లక్షలు. వాల్వ్ అప్పీలును 2023 సెప్టెంబరులో జనరల్ కోర్టు కొట్టేసింది. ఐర్లండ్‌లో ఖరీదెక్కువ పెట్టి కొన్న మన పిల్లలకి సంబంధించిన విషయమే ఇది.

అసలు తగువు అమెరికాలో 2021లో వుల్ఫైర్ అనే చిన్న కంపెనీ వేసిన దావాలో ఉంది. మా కొట్టులో కంటే ఇంకెక్కడా తక్కువకి అమ్మవద్దని వాల్వ్ ఒత్తిడి చేస్తోందని వాళ్ల ఆరోపణ. వాల్వ్ కాదంటోంది. 2024 నవంబరులో కోర్టు దాన్ని అందరి తరఫున సామూహిక దావాగా అనుమతించింది. నా మటుకు నాకు అసలు ప్రశ్న ఇదే. కమీషన్ తగ్గినచోట ధర కూడా తగ్గించే స్వేచ్ఛ ఉంటే స్టీమ్ ఎంత పెద్దదైనా మంచి కొట్టే. ఆ స్వేచ్ఛ లేదని రుజువైతే మాత్రం బావగారి మాటే నిజం.

ఇంతకీ ఆయన కార్డు కొనేశారు. పుట్టినరోజు ఆదివారమే మరి.